పాత్రను దాటనిచ్చిన గార్డు దేవదానం

గార్డు దేవదానం గారు ప్రభువునందు నిద్రించారన్న వార్త, బుధవారం ప్రార్థన కూటం ముగిసి చెప్పులు వెతుక్కుంటుండగా నా చెవిన పడింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. అలాగే మెట్టుగూడలోని వారింటికి పరుగెత్తాను. ఈ వయసులో పరుగేమిటంటారా? సరే, ఆటోలో వెళ్ళాను. ఒంటి చెప్పు మాత్రం నిజం.

ఆదివారపు కీర్తనకు పునాదిగా నిలిచిన ఆ గంభీర మంద్రస్వరం అస్తమించింది. అంతటి మహనీయుని చేత మద్యం మాన్పించినవాడు ఈ అల్పుడేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. గుడి మెట్ల మీద నేను చేసిన ఒక్క ప్రబోధానికి ఆయన కరిగి నీరై, చేతిలోని సీసాను నేలకేసి బద్దలు కొట్టారు.

సమాధుల తోటలో మన్ను వేస్తుండగా నా వెనక ఎవరో అన్నారు: "లివర్ పోయిందంట. చేసుకున్నవాడికి చేసుకున్నంత." ఆయన సతీమణి సుగుణమ్మకు ఆ మాట వినబడింది. పూలు వేయబోతున్న చేయి క్షణకాలం గాలిలో నిలిచిపోయింది. చుక్క ముట్టక ఏళ్ళు గడిచిన మనిషికి చివరి మన్నుతో పాటు పడవలసిన మాటేనా అది? దానికి జవాబుగానే ఈ నాలుగు ముక్కలూ మన సంఘ పత్రికకు రాస్తున్నాను.

దేవదానం గారు ప్యాసింజర్ బండ్ల గార్డు. డ్యూటీలో ఏనాడూ తాగలేదు. దిగాక ఇల్లు చేరేలోపు ఆగలేదు. రాష్ట్రమంతటా మద్యనిషేధం ఉన్న రోజుల్లో సైతం వెతుక్కుని మరీ తాగారు. తుదకు ఆసుపత్రి పాలై, డాక్టరు ఇది జబ్బని తేల్చి మందులిచ్చాక మానేశారు.

అసలు తగవు మానేశాక మొదలైంది. మన సంఘంలో ప్రభు సంస్కారానికి ద్రాక్షారసం తయారుచేసే సేవ నాది. నల్లద్రాక్ష, చక్కెర, పెద్ద జాడీ, దాని మూతికి గుడ్డ. అది పులిసేదాకా నెలల తరబడి కాపు కాస్తాను. దేవదానం గారు అందరితో పాటు మోకరించి రొట్టె తీసుకునేవారు. ద్రాక్షారసపు పాత్ర దగ్గరకొచ్చేసరికి తలవంచి, పక్కవారికి దాటనిచ్చేవారు. పాత్రను నిరాకరించేవాడి గుండెలో దాచుకున్న పాపమేదో ఉందని గుసగుసలు పుట్టాయి. కమిటీ పిలిచింది.

మన సంఘ పెద్ద, బన్సీలాల్‌పేట్ బాలరాజు గారు సూటిగా అందుకున్నారు: "రోగమంటున్నరు. డ్యూటీల తాగకపాయె, దిగంగనే తాగె. గదేం రోగమయ్యా, టైం టేబుల్ జూస్కొని వస్తది?"

అందరూ నవ్వారు. దేవదానం గారూ నవ్వారు.

"జెండా పట్టుకున్న చెయ్యి ఎట్లా వణికేదో మీకు తెలీదు అన్నా. దూరంగా ఉన్న డ్రైవరుకి గాలికి ఊగుతోందనిపించేది." తరువాత పాస్టరు గారి వైపు తిరిగి, "అయ్యగారూ, ఇది ప్రభువు రక్తమని నా మనసుకి తెలుసు. నా ఒంటికి తెలీదు. దానికి గుటకంటే గుటకే," అన్నారు.

అప్పుడు నేను సింహంలా లేచి, "చక్కెర జబ్బువాడు లడ్డు వద్దంటే పాపమా!" అని గర్జించాను.

గర్జించలేదు. ఇంటికి పోతూ దారిలో మా ఆవిడతో అన్నాను. కమిటీలో గొంతు సవరించుకున్నాను, అంతే. నా జాడీని కాదన్నాడన్న ఉక్రోషం నాకూ ఉండేది. ఇంతదాకా చెప్పుకొచ్చాను గనుక ఇదీ చెబుతాను: గుడి మెట్ల మీద సీసా లేదు, ప్రబోధమూ లేదు. "కాస్త తగ్గించుకోరాదూ బావా," అన్నాను. "అట్లాగే బావా," అన్నారు. ఆ తరువాత కూడా చాలా కాలం తాగారు.

చివరికి అయ్యగారు, "రొట్టె చాలు దేవదానం గారూ," అన్నారు. గొణుగుడు మాత్రం చావలేదు. సమాధుల తోట దాకా వెంట వచ్చింది.

వారింటి నుంచి గుడికి తిన్నని రోడ్డుంది, దాని మీద మద్యం దుకాణముంది. ఆయన గొడుగు వేసుకుని, రైలుపట్టాల పక్క గల్లీలన్నీ తిరిగి చెమటలు కక్కుతూ వచ్చేవారు. "ఏం బావా, సికింద్రాబాదంతా తనిఖీ చేస్తున్నావా?" అని నేను ఎకసెక్కమాడితే, "మెయిన్ లైన్ క్లియర్ లేదు బావా, లూప్ లైన్లో వచ్చా," అనేవారు.

అట్టి సత్పురుషుడు మనకు మరల లభించడు. సంఘస్థులారా, ఆయన తాగలేదు; ఆయనలోని రోగం తాగింది. ఆయన నిర్దోషి. ఆ పుణ్యాత్మునికి నా అశ్రుతర్పణం.

ఇంతవరకు రాసి, పత్రికకు ఇచ్చే ముందు సుగుణమ్మకు చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఆ చివరి ముక్క కొట్టెయ్యండి అన్నయ్యగారూ. తాగింది ఆయనే. కాపురం చేసినదాన్ని, నాకు తెలీదా? జబ్బంటారా, జబ్బే, నేను కళ్ళారా చూశాను. కానీ తాగిందంతా రోగమే అయితే, ఎర్రటి ఎండలో, మీరందరూ నవ్వుతుంటే, ఆ గల్లీలన్నీ తిరిగి నడిచిందెవరు? అదీ రోగమేనా? ఆ నడకన్నా ఆయనకి ఉంచండి."