కర్త దొరకని వాక్యాలు

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. “లైబ్రరీ మేడమ్ పోయారట.” నేను వెంటనే నమ్మలేదు. పెట్టింది ఎవరు, ఎవరు చెబితే పెట్టారు అని పైకీ కిందికీ చూశాను. ఆ గ్రూపులో అంతకు ముందు ఒకసారి, బతికున్న పెద్దాయనకే నివాళులు రాశారు. మేడమ్ కూతురికి ఫోన్ చేశాను. ఆవిడ “నిజమే అక్కా” అన్నాక కూడా, మీరు పక్కనే ఉన్నారా అని అడగబోయి ఆగిపోయాను. దేన్నీ ఊరికే నమ్మకుండా చదవడం నాకు నేర్పింది మేడమే.

ఆవిడకు ఇంగ్లీష్‌లో బాగా లోటనిపించేది మన ‘ట’. “మనకి ఒక్క అక్షరం చాలు, చూసింది కాదు, విన్నది అని చెప్పడానికి. వాళ్లకి అది లేదు. ‘ఈజ్ సెడ్ టు బి’ అని ఎక్కడో మూల దాక్కుంటుంది. వెతుక్కోవాలి” అనేవారు.

మా ఆయన ఉద్యోగం వల్ల దేశం దాటి ఈ కాపెల్ ఊరికి వచ్చిన కొత్తలో, ఇండియన్ స్టోర్ గోడ మీద చేత్తో రాసిన కాగితం చూశాను. ఇంగ్లీష్ గ్రామర్, మంగళవారం పది గంటలకు, లైబ్రరీలో, ఫీజు లేదు. ఆ ఆఖరి మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. అప్పటికే రెండుసార్లు దెబ్బతిని ఉన్నాం. షాపులో ఎవరో తెలుగువాళ్లు నవ్వుతూ “మీది ఏ ఊరండీ” అని పలకరించడం, ఇంటికి పిలిచి టీ ఇవ్వడం, ఖాళీ కప్పులు తీసేలోపే ల్యాప్‌టాప్ తెరిచి, విటమిన్లు, సబ్బులు అమ్మే స్కీములో మీరు చేరి, ఇంకో నలుగురిని చేర్పించాలని చెప్పడం. మా ఆయన కాగితం సంగతి విని, “ఫ్రీగా ఎవరు చెప్తరు? ఏదో ఉంటది, చూసుకో” అన్నారు.

చూసుకుందామనే వెళ్లాను. జగిత్యాలలో పదో తరగతి వరకు తెలుగు మీడియం నాది. హైదరాబాదులో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినా, ఫోన్‌లో ఇంగ్లీష్ మాట్లాడాలంటే ముందు కాగితం మీద రాసుకునేదాన్ని. క్లాసులో మేము ఆరుగురం. మేడమ్ నూలు చీర మీద స్వెటర్ వేసుకుని, తలా ఒక జిరాక్స్ కాగితం ఇచ్చేవారు. దాని మీద ఒకే ఒక్క పేరా. ఎప్పుడూ ప్రయాణాల గురించే. పడవ దిగిన మనిషి, కొండ మీది ఊరు, వానలో ఆగిపోయిన రైలు. ఆ ఒక్క పేరా మీద గంట గడిచేది. విటమిన్లో సబ్బులో ఎప్పుడు బయటికి తీస్తారా అని నేను ఆవిడ సంచీ వైపే చూస్తూ ఆరు వారాలు కూర్చున్నాను.

ఏడో వారం పేరాలో ఒకాయన సత్రానికి వెళతాడు. ‘ది గేట్ హ్యాడ్ బీన్ లెఫ్ట్ ఓపెన్’ అని ఉంది. మేడమ్ పెన్సిల్‌తో కాగితం మీద కొట్టి, తెరిచి వదిలేసింది ఎవరు అని అడిగారు. మేం మళ్లీ మొదటినుంచి చదివాం. ‘హ్యాడ్’ ఉంది కాబట్టి ఈయన రాకముందే తెరిచారు, అంతవరకు ఖాయం. ఎవరో మాత్రం రాసినాయన చెప్పలేదు. తెలియక చెప్పలేదా, తెలిసి దాచాడా? “మన ఇళ్లల్లో ‘కాఫీ తాగబడింది’ అని ఎవరైనా అంటారా? అనరు. అందుకే ఇలాంటి వాక్యం కనబడితే మనకి వాళ్లకంటే ముందు అనుమానం రావాలమ్మా” అన్నారు. ఆ రోజు నేను సంచీ సంగతి మర్చిపోయాను.

అయినా మనిషి మీద అనుమానం పోలేదు. పెద్ద కాలేజీలో లెక్చరర్‌గా చేశారని ఒకరు, ఏదో గొడవై మానేశారని ఇంకొకరు అనేవారు. నేను ఇంటర్నెట్‌లో ఆవిడ పేరు వెతికాను. ఏమీ దొరక్కపోతే అనుమానం ఇంకా పెరిగింది.

తర్వాత నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. ఒక చిన్న కన్సల్టెన్సీ వాళ్లు నా రెజ్యూమె తీసుకుని, వారంలో ఇంటర్వ్యూ ఇప్పించారు. పాసయ్యాను. చేరే ముందు సంతకం చేసి పంపమని ఒక కాగితం వచ్చింది. నా ఏడేళ్ల అనుభవం వివరాలు ఇవ్వబడ్డాయనీ, సరిచూడబడ్డాయనీ అందులో ఉంది. నాకున్నది మూడేళ్లు. ఫోన్ చేస్తే అక్కడి తెలుగతను, అది ఫార్మాలిటీ అండీ, అందరూ సైన్ చేస్తారు అన్నాడు. మా ఆయన వీసా గడువు దగ్గరపడుతోంది, పొడిగింపు వస్తుందో రాదో తెలియదు. ఇంట్లో రెండో ఉద్యోగం ఉంటే బాగుండునని ఇద్దరం అనుకుంటున్న రోజులు.

మంగళవారం క్లాసు అయ్యాక ఆ కాగితం మేడమ్ ముందు పెట్టాను. చెయ్యమనో వద్దనో అంటారనుకున్నాను. ఆవిడ చదివి, పెన్సిల్ నా చేతికిచ్చారు.

“ఇదీ ఒక పేరాయే అనుకుని చదువు. వివరాలు ఇచ్చింది ఎవరు?”

“తెలీదు మేడమ్. అందులో లేదు.”

“సరిచూసింది?”

“అదీ లేదు.”

“కింద సంతకం ఎవరిది?”

“నాది.”

“మరి కర్త దొరికింది కదా” అని స్వెటర్ గుండీలు పెట్టుకున్నారు.

ఆ వాక్యాలు తిరగరాసి పంపాను. నేను మూడేళ్లు పనిచేశాను, మిగతా నాలుగేళ్లు నేను రాయలేదు, ఎవరు రాశారో నాకు తెలియదు. అవతలినుంచి జవాబు లేదు. ఉద్యోగం పోయింది. మా ఆయన కోప్పడలేదు గానీ ఇంటి ఖర్చుల లెక్క రోజూ తనే రాయడం మొదలుపెట్టారు. ఏడాది పైన ఖాళీగా ఉన్నాక ఒక పళ్ల డాక్టరు ఆఫీసులో అపాయింట్‌మెంట్లు చూసే పని దొరికింది, తర్వాత మళ్లీ టెస్టింగ్‌లోకి వచ్చాను. ఈలోగా పొడిగింపు వచ్చింది. ఆ ఏడాదిలో ఎన్నోసార్లు మేడమ్ మీద కోపం వచ్చింది. ఆవిడకేం పోయింది అనుకున్నాను.

ఆ కోపంలోనే ఒక మంగళవారం నేరుగా అడిగేశాను, మీరు ఏ కాలేజీలో చెప్పారు మేడమ్ అని.

“కాలేజీలో చెప్పానని నీతో ఎవరన్నారు?”

ఎవరో అనుకోగా విన్నాను తప్ప, ఆవిడ ఎప్పుడూ అనలేదు. విజయవాడలో ఒక ట్రావెల్ ఆఫీసులో టైపిస్టుగా పనిచేశారట. ప్రయాణికులు వదిలేసి వెళ్లిన ఇంగ్లీష్ పత్రికలు మధ్యాహ్నాలు డిక్షనరీ పెట్టుకుని చదివేవారు. ఊళ్లు చూడ్డానికి కాదు, వాక్యాలు చూడ్డానికి. ఒకసారి ఒకరి పాస్‌పోర్టు పోయింది. పోగొట్టింది యజమాని, ఆవిడకి తెలుసు. ‘పాస్‌పోర్టు పొరపాటున ఎక్కడో పెట్టబడినది’ అని ఆయన చెబితే ఆవిడే టైపు చేశారు. ఎవరి పొరపాటని అడిగినప్పుడు, ఇరవయ్యేళ్లుగా అక్కడ పనిచేస్తున్న అటెండరు మీదికి నెట్టి, అతన్ని పనిలోంచి తీసేశారు.

“ఒక్క అక్షరం తప్పు లేకుండా కొట్టాను” అన్నారు మేడమ్. ఆవిడకేం పోయిందన్న మాట నేను మళ్లీ అనుకోలేదు.

అంత్యక్రియలు అయ్యాక కూతురు నన్ను పక్కకు పిలిచి ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. గుండె ఆపరేషన్‌కి ముందు సంతకం చేయించే కాగితం. ఆపరేషన్ చేయబడుతుందని అచ్చులో ఉంటే, ఎవరు చేస్తారో రాస్తేగానీ సంతకం పెట్టనని అమ్మ కూర్చుందట. తనకి సిగ్గేసిందట. నర్సు వెళ్లి సర్జన్‌ని పిలుచుకొచ్చింది. ఆ సర్జన్ చిన్న వయసు అమ్మాయి. విసుక్కోకుండా మంచం అంచున కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగిందనీ, తర్వాత రెండు రోజులు అమ్మ మాట్లాడిందనీ, మూడో రోజు నిద్రలోనే పోయిందనీ చెప్పింది.

ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూశాను. అచ్చు వాక్యం మీద ఒక గీత. దాని పైన, మోకాలి మీద రాసినందుకు వంకరపోయిన అక్షరాల్లో, ‘ఐ విల్ డూ ఇట్’ అని ఉంది, పక్కన ఆ డాక్టరు పూర్తి పేరు. కింద నీలం సిరాతో మేడమ్ సంతకం, తెలుగులో.