అన్నను పలకరించడానికొచ్చినవాళ్లు

షుగరు వల్ల రెటీనా ఆపరేషన్ చేయించుకుని, తార్నాకలోని మా ఫ్లాటులో వారంగా బోర్లా పడుకుని నేల బండలు చూస్తున్న నాకు, ఇదే షుగరు మా పెద్దన్న కంటిని పట్టిన రోజులు పదే పదే గుర్తొస్తున్నాయి.

అన్న యూనివర్సిటీ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఒక కన్ను అప్పటికే పోయింది; రెండోదీ పోతే ఆ నౌకరీ, క్యాంపస్‌లోని క్వార్టరు, అతని నీడన సాగుతున్న నా ఎమ్మే చదువు, అన్నీ పోయినట్టే. ఆపరేషన్ చేసి కంట్లో గ్యాసు బుడగ పెట్టారు. ఊడిన రెటీనా పొరను అది అదిమి పట్టాలంటే కొన్నాళ్లు తల ఎత్తకూడదన్నారు. మనవాళ్ల సంగతి మీకు వేరే చెప్పాలా? లాలాపేట నుంచి, విద్యానగర్ నుంచి, ఊరి నుంచి చుట్టాలంతా బత్తాయిలూ బ్రెడ్డూ పట్టుకుని దిగారు. వచ్చినవాళ్లు పెద్దవాళ్లాయె, ముఖం చూపకపోతే ఏమనుకుంటారో అని, వదిన తల కొట్టుకుంటున్నా వినక ఒక్కొక్కరికీ లేచి కూర్చుని దండం పెట్టాడు మా మహానుభావుడు. మర్యాద దక్కింది, పొర మళ్లీ ఊడింది. అందరి మీదా నాకు ఒళ్లు మండింది.

రెండోసారి ఆపరేషన్ చేసి, ఈసారీ ఊడితే ఇక చేసేదేమీ లేదన్నారు. కంట్లో ప్రెషర్ పెరిగి అన్న నొప్పితో మూలుగుతున్న రోజున ఊరి నుంచి మేనమామ వచ్చాడు. వదిన గుమ్మంలోనే అడ్డం నిలబడి సంగతంతా చెప్పింది. మామ కండువా నేల మీద పరిచి, మంచం అంచున వేలాడుతున్న అన్న ముఖం కిందికి జరిగి వెల్లకిలా పడుకున్నాడు.

"నువ్వు లేవకు అల్లుడా, నేనే గీడికొచ్చిన గదా," అన్నాడు.

ఇద్దరూ అట్లాగే వానల గురించీ బర్రె ఈనిన సంగతీ మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఎవరొచ్చినా అదే పద్ధతి. లాలాపేట చిన్నమ్మ కూడా కొంగు సర్దుకుని నవ్వుకుంటూ నేల మీద పడుకుంది. అన్నకు చూపు పూర్తిగా రాలేదు కానీ, భూతద్దం పెట్టుకుని రిటైరయ్యేదాకా ప్రూఫులు దిద్దుకున్నాడు.

నిన్న డాక్టరమ్మ నా కన్ను చూసి, పొర చక్కగా అతుక్కుందనీ, ఇంత బుద్ధిగా తల ఎత్తకుండా ఉన్న పేషెంటును చూడలేదనీ మెచ్చుకుంది. సంతోషమే. ఫోన్లో అందరూ పలకరించారు, దండం బొమ్మలు పంపారు, ఎవరినీ తప్పు పట్టను. కానీ ఈ వారమంతా నేను లేచి కూర్చుని దండం పెట్టవలసిన మనిషి ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదని ఆమెకు చెప్పుకోలేకపోయాను.