గీత దాటిన సీరం

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలెడితే నాకు భయం వెయ్యదు, విసుగొస్తుంది. చిన్నప్పుడు యానాంలో కరెంటు పోతే మా పిన్నులంతా అరుగు మీద చేరి అవే చెప్పుకునేవారు. నేను లోపలికెళ్ళి పడుకునేదాన్ని. ఇది కూడా దెయ్యం కథ అని నేను అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

పుదుచ్చేరిలో ఒక ట్రాన్స్‌ప్లాంట్ ల్యాబ్‌లో పని చేస్తాను. ఒకరి కిడ్నీ ఇంకొకరికి పెడితే ఆ ఒళ్ళు దాన్ని ఒప్పుకుంటుందా, తిప్పికొడుతుందా అన్నది ముందే పరీక్ష చేసి చెప్పాలి. తిప్పికొట్టకుండా ఏం చెయ్యచ్చన్న దాని మీద మా సారు పరిశోధన చేస్తారు, నేను ఆయన కింద.

పరీక్ష చెప్పడానికి తేలికే. కిడ్నీ ఇచ్చేవాళ్ళ తెల్లకణాలు తీసి, పుచ్చుకునేవాళ్ళ సీరంలో వేస్తాం. సీరమంటే రక్తం గడ్డ కట్టాక పైన తేలే పసుప్పచ్చటి నీరు. రంగు మందు కలిపి చూస్తే, కణాలు బతికుంటే మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరుస్తాయి, చస్తే ఎర్రబడతాయి. ఎర్రబడితే ఆ కిడ్నీ పెట్టకూడదు.

ముదలియార్‌పేటలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు సరోజమ్మగారు. ఎప్పుడో తాతల కాలంలో ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళు, బజార్లో పాత్రల కొట్టు ఉంది. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. నేను పిన్నిగారూ అంటే ఆవిడ పాపా అంటుంది. నా పప్పుచారు రుచి చూసి, ఇది సాంబారూ కాదు రసమూ కాదు, ఏంది పాపా ఇది అని ఏడిపించేది. అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ పోయాయి. డయాలిసిస్ చేయించుకొచ్చిన రోజు మెట్ల దగ్గర గోడకి ఆనుకుని కూర్చుండిపోయేది. కొడుకు మురళి తన కిడ్నీ ఇస్తానన్నాడు.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. మురళి అక్క చిట్టి ఆరేళ్ళ వయసులో జ్వరమొచ్చి పోయింది. మురళి అప్పటికి పాలు తాగే పిల్లాడట. ఏటా ఆ పిల్లకని కొత్త పావడా కొని, పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, మడిచి కొత్త కుండలో పెట్టి మూతికి గుడ్డ కడతారు. కిందటేటి పావడా ఎవరైనా ఆడపిల్లకి ఇచ్చేస్తారు. ఇంట్లో ఏ పని తలపెట్టినా ముందు ఆ కుండ దగ్గర కూర్చుని చిట్టికి పైకే చెప్పాలి. కొట్టుకి రంగు వేయించినా సరే.

మురళి సంగతి కూడా చెప్పేశానంది పిన్నిగారు. చిట్టి ఒప్పుకుంటే చాలదండీ, మా మైక్రోస్కోపు కూడా ఒప్పుకోవాలి అన్నాను. ఎప్పుడూ నాతో సమానంగా నవ్వే మనిషి ఆవేళ నవ్వలేదు.

పరీక్షలో కణాలన్నీ ఆకుపచ్చగా మెరిశాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా రిపోర్టు ఇచ్చేముందు మర్నాడు ఇంకోసారి చేసి చూడాలన్నది మా ల్యాబ్ పద్ధతి. మిగిలిన సీరం ట్యూబుని ఫ్రిజ్‌లో పెట్టేముందు, అది ఎంతవరకు ఉందో అక్కడ పెన్నుతో గీత గీస్తాం. ఎవరైనా వాడితే తెలుస్తుందని. గీసి, తాళం వేసి, తాళంచెవి పర్సులో వేసుకుని ఇంటికెళ్ళాను.

పొద్దున్నే ట్యూబు తీస్తే సీరం గీత కంటే పైన ఉంది.

సీరం ఆవిరై తగ్గచ్చు గానీ పెరగదు కదండీ. గీత నాదే, మీద నెంబరూ నా చేతిరాతే. అందరినీ అడిగాను, ఎవరూ ముట్టుకోలేదన్నారు. చిరాగ్గా అదే సీరంతో పరీక్ష చేశాను. కణాలన్నీ ఎర్రగా చచ్చిపడి ఉన్నాయి.

మామూలు నీళ్ళు కలిసుంటే కణాలు ఉబ్బి పగిలిపోవాలి. పగల్లేదు. మన కన్నీళ్ళలో ఉన్నపాటి ఉప్పుతో ఏదో నీరు అందులో కలిసింది.

పాడైన ట్యూబు అని పారెయ్యబోయాను. మా సారు ఆపి, పెద్ద ఫ్రీజర్లో దాచిన పిన్నిగారి సీరమే ఇంకో ట్యూబు తెచ్చి పలచన చేసి చూడమన్నారు. అందులోనూ ఎర్రబడ్డాయి. అప్పుడు అర్థమైంది. పరాయి కణాల్ని చంపే విరుగుడు ఒంట్లో మరీ చిక్కగా ఉంటే ఒక్కోసారి పరీక్షకి దొరకదు, పలచన చేస్తేనే బయటపడుతుంది. బిడ్డని మోసినప్పుడు, ఆ బిడ్డలో ఉన్న తండ్రి పోలికలకి తల్లి రక్తం విరుగుడు తయారుచేసుకుంటుంది. ఏళ్ళు గడిచినా మర్చిపోదు. చిట్టి కడుపులో ఉన్నప్పుడు నేర్చుకున్నది ఇప్పుడు మురళి మీద పడింది. ఆ కిడ్నీ పెట్టి ఉంటే పిన్నిగారు మనకి దక్కేది కాదు.

ఇంటికెళ్ళి చెప్పాను. మీ చిట్టే కాపాడిందనుకోండి అన్నాను, ఆవిడకి కాస్త ఊరటగా ఉంటుందని. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది.

"కాపాడిందనుకుంటుండావా పాపా? అది పోయినాక నాకు ఏ కడుపూ నిలవలేదు. ఇంకెవరినీ లోపలికి రానీదు."

కొత్త కిడ్నీ పెట్టేది పొత్తికడుపులోనే. ఆ సంగతి డాక్టర్లు బొమ్మ గీసి చూపించారు ఆవిడకి.

కొన్నాళ్ళకి ఆవిడ చెల్లెలు పార్వతిగారు ఇస్తానని ముందుకొచ్చింది. ఈసారి చిట్టికి చెప్పద్దులే అంది పిన్నిగారు, మురళి కూడా ఊఁ కొట్టాడు. ఆ ఇంట్లో కుండకి చెప్పకుండా తలపెట్టిన పని అదొక్కటే.

పార్వతిగారి కణాలు వేసి, సీరాన్ని ఉన్నది ఉన్నట్టుగా చూశాం, పలచన చేసి చూశాం. కణాలన్నీ బతికే ఉన్నాయి. గీత గీసి, తాళం వేసి వెళ్ళాను.

మర్నాడు ట్యూబు తియ్యడానికి చెయ్యి రాలేదు. తీశాను. సీరం గీత దాటి, మూత దాకా వచ్చి ఉంది.

పరుగెత్తుకెళ్ళి సారుకి చూపించాను. ఆయన నన్ను కసురుకోలేదు. ఆ ట్యూబులోదీ, ఫ్రీజర్లో దాచినదీ స్వయంగా తనే కూర్చుని పరీక్షించారు. ఎన్నిసార్లు చూసినా ఆకుపచ్చే. గీత దాటిందని రిపోర్టులో ఏం రాస్తామమ్మా అన్నారు. నిజమే, ఏం రాస్తాం?

ఆపరేషన్ చేశారు. కిడ్నీకి రక్తం వదలగానే మొదట గులాబీ రంగుకొచ్చిందట. కుట్లు వేసేలోపే నల్లబడింది. పిన్నిగారు బతకాలంటే దాన్ని తీసెయ్యక తప్పలేదు. ఆ కిడ్నీ ముక్క మా ల్యాబ్‌కే వచ్చింది. విరుగుడు జాడ ఎక్కడా లేదు, రక్తనాళాల్లో తప్పూ దొరకలేదు. కారణం తెలియలేదని రాసి ఫైలు మూసేశారు.

పార్వతిగారు ఇప్పుడు ఒక్క కిడ్నీతో ఉంది. అక్క దగ్గర కూర్చుని ఏడ్చింది గానీ ఒక్క మాట అనలేదు. పిన్నిగారు మళ్ళీ డయాలిసిస్‌కే వెళ్తోంది, ఆ మెట్ల దగ్గరే కూర్చుంటోంది. ఈమధ్య బాగా చిక్కిపోయింది. మురళి ఇంకెవరినైనా వెతుకుదామంటే చేతులు జోడించి వద్దంది.

ఈ ఏడు పావడా పెట్టే రోజున ఆవిడ కింద కూర్చోలేకపోయింది. నువ్వు పెట్టు పాపా అంది. పసుపు ఆరిన పావడా మడిచి కుండలో పెట్టాను. కిందటేడు పెట్టినది తీస్తే చేతికి చెమ్మ తగిలింది. ఏడాదంతా గుడ్డ కట్టిన కుండలో చెమ్మ ఎలా ఉందో నాకు తెలీదు. ట్యూబులోకి ఆ నీరు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఈరోజుకీ తెలీదు.

ఇలాంటివి నేను ఇప్పటికీ నమ్మనండి. కానీ పిన్నిగారు వెనక కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. మూతికి గుడ్డ కట్టి, పైకే చెప్పాను.

"చిట్టీ, ఇంకెవ్వరినీ పెట్టం. మీ అమ్మని ఉండనీ తల్లీ."