కడిగిన బేకన్

మురమళ్ళ వీరేశ్వరస్వామి మీద ఒట్టేసి చెబుతున్నానండీ, ఇందులో ప్రతి ముక్కా నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు, అయినా ఈసారికి నమ్మండి.

మొన్న ఆదివారం అమలాపురంలో మా అమ్మాయి ఫోనులో చూసుకుంటూ, ట్రేలో కాగితం పరిచి, బేకన్ ముక్కలు, అంటే ఉప్పులో ఊరేసిన పంది మాంసం పల్చటి పేలికలు, ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఓవెన్‌లో పెట్టింది. చుక్క నూనె వెయ్యలేదు. వాటి కొవ్వులో అవే వేగి, అప్పడాల్లా పెళపెళలాడుతూ బయటికొచ్చేయి. పళ్ళెం చేతికిచ్చింది. మా మావగారు గుర్తొచ్చేరు.

పెళ్ళయిన కొత్తలో నేను దుబాయ్‌లో ఓ హోటల్లో పనిచేసేవాణ్ణి. పనంటే, ఓవెన్ ట్రేలకి అంటుకున్న మాడు గీకడం. కొత్తపేటలో అత్తవారికి మాత్రం నేను పెద్ద వంటవాణ్ణని, నేను బేకన్ వేయిస్తే ఆ వాసనకి ఎడారిలో ఒంటెలు దారి తప్పి హోటలు గుమ్మంలో నిలబడేవని చెప్పేను. మా ఆవిడ అది నమ్మి, వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయేది.

సెలవుకొస్తూ గొప్పకి ఓ చిన్న ఓవెన్ తెచ్చేను. అదే కొంప ముంచింది. మా బావమరిది హైదరాబాదు నుంచి ఐసు పెట్టెలో బేకన్ పట్టుకుని దిగి, బావగారి చేతి వంట తిందురుగాని రమ్మని చుట్టాల్ని కూడా పిలిచేడు. పంది మాంసం వంటింట్లోకి రానివ్వనని అత్తగారు అనడంతో ఓవెన్ వసారాలో బల్ల మీదకి చేరింది. ముక్క మీద వేలు రాసి నాక్కుంటే ఒట్టి ఉప్పు. ఉప్పుచేపకి మా అమ్మ చేసే పని గుర్తొచ్చి, బియ్యం కడుగు నీళ్ళలో నానబెట్టి, పసుపు రాసి, గట్టిగా పిండి, ట్రే నిండా నూనె పోసి లోపలికి తోసేను. అది వేగలేదండీ, ఉడికింది. పసుపు రంగు తడిగుడ్డ పేలికల్లా బయటికొచ్చింది. మా ఆవిడ తల దించేసుకుంది, బావమరిది నోరు తెరవబోతున్నాడు.

అప్పుడు మావగారు, మిలటరీలో ఆఫీసర్ల మెస్సులో ఏళ్ళ తరబడి పొద్దున్నే బేకన్ వడ్డించి రిటైరైన మనిషి, ఒక పేలిక తీసుకుని నింపాదిగా నమిలి మింగేరు.

"ఆయ్, మా మెస్సులోనూ అచ్చం ఇలాగే ఉండేదండీ అల్లుడుగారూ. ఇంకో రెండు వెయ్యండి."

ఆయనంతటివారు చెప్పేక ఇంకేవుంది, అందరూ తిన్నారు. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. అబద్ధాల మీదే బతికే నేను అంత పెద్ద అబద్ధం, అంత నెమ్మదిగా, ఇంకొకరి పరువు కోసం చెప్పగా ఎప్పుడూ వినలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయేను.

మర్నాడు కాలవగట్టు మీద ఆయన వెనకే వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేసి చేతులు పట్టుకున్నాను. ఆయన భుజం తట్టి, "తెలుసండీ" అన్నారు.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఓవెన్లున్నాయి, తెలీనిది ఫోనే చెబుతుంది, చెడిపోతే చెత్తబుట్టలో పడేసి ఇంకో పేకెట్టు విప్పుతారు. ఎదటివాడు తల దించుకోకూడదని పాడైన ముక్కని నమిలి మింగి బావుందనే పెద్దమనిషే కనబడ్డం లేదు.

ఒట్టేసేను కనక ఇదీ చెప్పేస్తాను. ఒంటెల సంగతి మీకెలాగూ తెలుసు. కాలవగట్టు దాకా వెళ్ళిన మాటా నిజమే. కానీ అక్కడ కొబ్బరి దింపుల గురించి మాట్లాడి తిరిగొచ్చేసేను. ఆయన పోయేదాకా చెప్పనే లేదు. ఆ "తెలుసండీ" ఆయన అన్నది కాదు, నేను కల్పించుకున్నది.