వాగు పాత దారి

ఆయనకు పిల్లలు పెట్టిన పేరు గ్లోబు మాస్టారు. గుండ్రటి బట్టతల వల్ల వచ్చింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. చెవుల పక్కన మిగిలిన తెల్ల వెంట్రుకలు చూపించి, "మంచు ధ్రువాల దగ్గరే మిగిలిందిరా" అని ముందు ఆయనే నవ్వేవాడు.

పదకొండో తరగతికి భూగోళం చెప్పేవాడు. బడి తెరిచిన మొదటి వారం పుస్తకం ముట్టుకునేవాడు కాదు.

"ఇన్నాళ్లూ నదుల పేర్లు, రాజధానుల పేర్లు బట్టీ పట్టారు. అది చిరునామాలు నేర్చుకోవడం. ఇక నుంచి ఎక్కడ ఉంది అని కాదు, అక్కడే ఎందుకుంది అని అడగండి."

స్థానం వేరు, ప్రదేశం వేరని చెప్పేవాడు. స్థానాన్ని అక్షాంశం, రేఖాంశం అని రెండు అంకెలతో చెప్పేయొచ్చు. ప్రదేశమంటే అక్కడి మట్టి, నీళ్లు, మనుషులు, వాళ్ల బతుకులు, అన్నీ కలిపి. తర్వాత గోడకున్న పెద్ద పటం దగ్గరికి వెళ్లి, "ఇందులో మన ఊరు ఈగ రెట్టంత. మన వీధులు చూడాలంటే స్కేలు మార్చాలి" అనేవాడు.

ఒక ఏడాది ఊరి పటాలు రెండు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. పాతదాంట్లో నీలం గీత ఉన్నచోట కొత్తదాంట్లో ఇళ్లున్నాయి. రెండో బెంచీ అమ్మాయి ముందుకు వంగింది. అన్నిటికీ ఎందుకు, ఎందుకు అంటుందని తోటివాళ్లు ఆ పిల్లను ఎందుకమ్మ అని ఏడిపించేవాళ్లు.

"సార్, ఆ గీత మీదున్నది మా వీధేనా?"

"అవునమ్మా, పల్లపు వీధి. వాగు పాత దారి అది. ఎగువన కొండ తొలిచేశారు, చెట్లు కొట్టేశారు, కాంక్రీటు పోశారు. ఇంకే నీళ్లు ఇంకకపోతే ఎటు పోతాయి?"

"అంటే మేం వాగులో కాపురం ఉంటున్నామా సార్?"

తరగతంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాడు.

పిల్ల తండ్రి లారీ డ్రైవరు. గుమ్మంలో కూర్చుని చిరిగిన టార్పాలిన్ కుట్టుకుంటున్నాడు. అంతా విని సూది పక్కన పెట్టాడు.

"ఆ వాగు ఎప్పుడో చచ్చింది సార్. నేను పుట్టాక చుక్క నీరు చూడలేదు."

"గట్టి వాన పడితే వస్తుందండీ. ఈ వానాకాలం మటుకైనా పై వీధిలో ఎక్కడన్నా ఉండండి."

"పిల్ల బుర్రలో లేనిపోని భయాలు పెట్టకండి. పాఠాలు బళ్లో చెప్పుకోండి, మా గుమ్మంలో కాదు."

మాస్టారు ముఖం మాడ్చుకుని వెనక్కి వచ్చాడు. పురపాలక కార్యాలయానికీ వెళ్లాడు. చూస్తామన్నారు.

వానాకాలం సగమయ్యాక ఒకరోజు తెల్లారుతూనే గట్టి వాన పట్టి బడికి సెలవిచ్చారు. డ్రైవరు లారీతో పొరుగూరు వెళ్లాడు. తల్లి బట్టలు కుట్టే మిల్లుకు పనికి వెళ్లింది. ఇంట్లో ఆ పిల్ల, నాయనమ్మ, చిన్న చెల్లెలు. మధ్యాహ్నానికి మురుగుకాలువ పొంగింది. వీధిలో వాళ్లు గుమ్మాలకు ఇసుక బస్తాలు అడ్డం వేస్తున్నారు. ఆ పిల్ల మాత్రం నీళ్ల రంగు చూసింది. ఎర్రగా ఉన్నాయి.

"ఇవి మన కాలువ నీళ్లు కాదు! కొండ మట్టి! వాగొస్తోంది, మిట్టకి పదండి!"

తలుపు తలుపూ బాదింది. నాయనమ్మనీ చెల్లెల్నీ మిట్ట మీదున్న బడి వరండాలో కూర్చోబెట్టి మళ్లీ కిందికి పరిగెత్తింది. చివరింట్లో మంచం పట్టిన ముసలావిడ ఉంది. ఆ వీధి వడ్రంగి ఒకతను ఆవిడను వీపున ఎత్తుకున్నాడు. పిల్ల వెనక నడుస్తోంది. పక్కనున్న ప్రహరీ గోడ నీళ్ల తాకిడికి విరిగి పడింది. వడ్రంగీ ముసలావిడా బయటపడ్డారు. పిల్ల కొట్టుకుపోయింది, మర్నాడు వంతెన కింద శవమై దొరికింది.

"మీరు చెప్పిన పాఠమే మమ్మల్ని కాపాడింది సార్" అని వీధిలో వాళ్లు మాస్టారి చేతులు పట్టుకున్నారు. ఆయన చేతులు విడిపించుకుని వెళ్లిపోయాడు. ఆ మాట ఆయనకు నిప్పులా తగిలింది. ఏమీ తెలియకపోతే ఆ పిల్ల అందరితోపాటు ఉండేదేమో, ఏ డాబా మీదికో ఎక్కేదేమో. ఎవరు చెప్పగలరు?

పదకొండో తరగతిని వేరే టీచరుకు అప్పగించి ఆయన ఆరో తరగతి తీసుకున్నాడు. ఖండాల పేర్లు, సముద్రాల పేర్లు చెప్పి వచ్చేసేవాడు. ఇంట్లో అన్నం కలుపుకుని అలాగే కూర్చునేవాడు. "చెయ్యి ఎండిపోతోంది, తినండీ" అని భార్య గుర్తు చేయాల్సి వచ్చేది.

వేసవి సెలవుల్లో డ్రైవరు ఆయన ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"సార్, మా అమ్మాయికి చెప్పిందంతా నాకూ చెప్పండి. ఆ నీళ్లు ఎక్కడ పుట్టాయో చూపించండి."

ఇద్దరూ కొండ దాకా నడిచారు. మాస్టారు వాలు చూపించాడు, నీటి జాడలు చూపించాడు. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. డ్రైవరు అడిగినదల్లా మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. తొలిచిన కొండ ముందుకు వచ్చేసరికి అక్కడే చతికిలబడ్డాడు.

"ఈ రాయి నేనే మోశాను సార్. ఎన్ని లోడ్లో! ఎక్కడ దించాలో చూశానుగానీ, ఎక్కడి నుంచి ఎత్తుతున్నానో ఒక్కనాడూ చూడలేదు."

మాస్టారు అతని పక్కన కూర్చున్నాడు. వంచిన తల ఎత్తకుండా ఇద్దరూ ఏడ్చారు.

బడి తెరిచాక మాస్టారు పదకొండో తరగతిని మళ్లీ తీసుకున్నాడు. పాత పటం పరిచి, నీలం గీత దగ్గరికి వచ్చేసరికి ఆగేవాడు. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టేవాడు. పదవీ విరమణ దాకా ఆ పాఠం మానలేదు.

డ్రైవరు క్వారీ పని వదిలి కూరగాయల లోడ్లు తోలుతున్నాడు. పల్లపు వీధి ఖాళీ కాలేదు. అతనితో సహా పాతవాళ్లు కొందరు వేరే చోటికి వెళ్లిపోయారు, అద్దె తక్కువని కొత్తవాళ్లు దిగారు. మబ్బు పట్టినప్పుడల్లా అతను ఆ వీధికి వెళ్లి, నీళ్లు ఎర్రబడితే మిట్టకి ఎక్కమని ఇంటింటికీ చెబుతాడు. కొందరు వింటారు.