తురాయి మొదట్లో పోసిన మట్టి

మొక్కలమ్మకు భయం పుట్టుకతోనే వచ్చింది. బస్సెక్కితే డ్రైవరు నిద్రపోతాడేమోనని భయం, మెట్లు దిగితే కాలు జారుతుందేమోనని భయం. వంటింట్లో గిన్నె పడినా గుండె చేత్తో పట్టుకునేది. ఆమె భర్త దర్జీ. "నువ్వు భయపడ్డవన్నీ జరిగుంటే ఈపాటికి నేనూ ఉండేవాణ్ణి కాదు, నా మిషనూ ఉండేది కాదు" అని నవ్వేవాడు.

ఇద్దరి బతుకుతెరువూ వీధి మలుపులో ఒక్క తురాయి చెట్టు కిందే. ఆమె నల్ల సంచుల్లో మొక్కలు పెట్టి అమ్మేది, ఆయన పక్కనే బట్టలు కుట్టేవాడు. ఆ చెట్టును నాటిందీ ఆమే. పెళ్లయిన కొత్తలో, ఎవరూ కొనని ఒక వంకర మొక్కను పారేయడానికి మనసొప్పక అక్కడ పాతింది. గాలికి విరుగుతుందని కర్ర కట్టింది, మేకలు నములుతాయని ముళ్లకంప పెట్టింది. కడుపున పుట్టినవాళ్లు లేని ఆమెకు ఆ చెట్టే బిడ్డయింది.

చెట్టు గొడుగులా విచ్చుకున్నాక కొత్త భయం పట్టుకుంది. తురాయి వేళ్లు నేల మీదే పాకుతాయి. అవి బయటపడి కనిపిస్తే చాలు, ఇక చెట్టు నిలవదని, గాలివానకు ఒరిగిపోతుందని ఆమె హడలిపోయేది. అందుకే ఏటా వానలకు ముందు తట్టలకొద్దీ మట్టి తెచ్చి మొదలు చుట్టూ పోసేది. జారకుండా ఇటుకలు పేర్చింది. పోగా పోగా అది మంచి అరుగైంది. దాని మీదికి మిషను ఎక్కించుకొని దర్జీ దొరలా కూర్చున్నాడు.

ఈ ఏడు చెట్టు మునుపెన్నడూ లేనంతగా పూసింది. ఎటు చూసినా ఎరుపే. దారినపోయేవాళ్లు ఆగి "నీ చెయ్యి మంచిదమ్మా" అంటుంటే ఆమె పొంగిపోయింది. ఆ సంబరంలో అరుగు ఊడుస్తుంటే, మట్టిలోంచి కాండం పైకొచ్చేచోట గోధుమరంగు పుట్టగొడుగులు చెవుల్లా అంటుకొని కనిపించాయి.

ఆమెకు మొక్కలు ఇచ్చే నర్సరీ ముసలాయన దగ్గరికి పోయి చెప్పింది.

"మొదట్లో మట్టి పోశావా ఏంటి?" అన్నాడాయన.

"పడిపోతుందని భయమేసి పోశాను బాబాయ్. ఏటా పోస్తూనే ఉన్నాను."

"అయ్యో పిచ్చితల్లీ! మట్టిలో ఉండాల్సింది వేళ్లు. కాండాన్ని పాతిపెడితే తడికి కుళ్లిపోదూ? చచ్చేముందు చెట్టు ఒక్కోసారి ఇలాగే విరగబూస్తుంది."

ఆమె పరుగున వచ్చి అరుగు వెనకవైపు మట్టి తవ్వింది. బెరడు పొట్టులా ఊడొచ్చింది. చెయ్యి మణికట్టుదాకా కాండంలోకి దిగిపోయింది. పడకూడదని పోసిన మట్టే చెట్టును తినేసింది. పైన అంత బరువు, దాని కింద ఆయన తల.

"ఏమండీ, లేవండి. చెట్టు పడిపోతుంది."

ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "మొన్న గోడ కూలుతుందన్నావు. నిన్న గ్యాసు పేలుతుందన్నావు. ఇవాళ చెట్టు వంతా?"

"నా మాట వినండి. లోపలంతా పుచ్చిపోయింది."

"ఈ చొక్కా చేతులు అతికించి లేస్తాలే."

బతిమాలింది, ఏడ్చింది. ఆయన పెడచెవిన పెట్టాడు. ఆయన్నని ఏం లాభం? ఇన్నేళ్లూ కనిపించిన తాడునల్లా పామన్న మనిషి, నిజంగా పామొచ్చిననాడు అరిస్తే ఎవరు నమ్ముతారు? పైన గాలి తిరిగింది. కాండంలో ఎక్కడో కిర్రుమంది. ఆమె కాళ్లు రోడ్డు వైపు లాగాయి. పారిపోవడం ఆమెకు కొత్త కాదు. కానీ పారిపోలేదు. అరుగెక్కి, ఆయన పక్కనే, చెట్టుకు ఆనుకొని కూర్చుంది.

దర్జీ కాలు ఆగింది. "ఇదేంటే?"

"మీరు లేచినప్పుడే నేనూ లేస్తాను."

పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పిడికిట్లో నల్లగా మెత్తబడిన చెక్క. బల్లిని చూస్తే గది వదిలిపోయే మనిషి, పడిపోతుందని తనే చెప్పిన చెట్టు కింద కూర్చుంది. దర్జీ ఆ చెక్కను చూశాడు, ఆమె ముఖం చూశాడు. ఆయన నవ్వు మాయమైంది. "లే, ముందు లేవే" అని ఆమె రెక్క పట్టుకొని లేపాడు. మిషను చెరోవైపు పట్టుకొని ఎదుటి గోడ దగ్గరికి చేర్చారు. ఇంకెవరూ కిందికి రాకుండా గుడ్డపీలికలు ముడేసి చెట్టు చుట్టూ కట్టారు.

ఆ రోజు చెట్టు పడలేదు. మర్నాడూ పడలేదు. దర్జీ ఎండలో చెమటలు కక్కుతూ కుట్టాడే కానీ ఒక్క మాట అనలేదు. చెట్టు కొట్టడానికి పిలిచిన మనిషి ఇదిగో వస్తున్నా అంటుండగానే, గాలి ఊసే లేని ఒక మధ్యాహ్నం, తురాయి ఒక్కసారిగా ఒరిగి అరుగు మీదే పడింది. ఇటుకలు పిండయ్యాయి. ఆయన అక్కడే మరిచిపోయిన స్టూలు మళ్లీ కనిపించలేదు.

"నా చేతులారా చంపుకున్నాను" అని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ రోడ్డు దాటబోతుంటే, అలవాటుకొద్దీ ఆమె "చూసుకోండి, బళ్లొస్తాయి" అంది.

రోడ్డు ఖాళీగా ఉంది. దర్జీ ఆగి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, మళ్లీ కుడివైపు చూశాడు.