ఇనుప మూకుడులో ఉసిరి పొడి

ఈ ఉదయం మనవరాలు తలకు పెట్టుకుందామని ఉసిరి పొడి ప్యాకెట్ కత్తిరించింది. ఆ వగరు వాసనకు నా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్లింది.

మీ ఇళ్లలోనూ ఉసిరి పొడిని ఇనుప మూకుడులోనే నానబెట్టేవారు కదూ? చిన్నప్పుడు నరసాపురంలో నాకు టైఫాయిడ్ తగ్గాక జుట్టు కుచ్చులుగా ఊడిపోయేది. నిలవకపోతే గుండు చేయిస్తానన్నారు నాన్న. మామ్మ ఉసిరి ముద్ద పట్టించి నీళ్లు పోయగానే, పెరట్లో బండ మీద నల్లటి నీళ్లు పారాయి.

"మామ్మా, జుట్టంతా కరిగిపోతోందే!" అని కెవ్వుమన్నాను.

"కరగడానికి అదేమన్నా బెల్లమా? మూకుడు నలుపే అది. కళ్లు మూసుకో!"

మూసుకోలేదు. కళ్లు మండుతున్నా రెండు చేతులతో జుట్టు పట్టుకుని, నీళ్లు తేటపడేదాకా చూస్తూనే ఉన్నాను.

మనవరాలు ఇనుప మూకుడు అడిగింది. స్టీలు గిన్నె ఇచ్చాను.